సీజీఏ నుంచి వీజీఏ దాకా: పాత పీసీ తెరల మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: సీజీఏకి, అంటే ఐబీఎం పీసీ తెరకి రంగులు పంపే కార్డుకి, వచ్చిందే నాలుగు రంగులు.

వాస్తవం: వచ్చినవి 16. టెక్స్ట్ మోడ్‌లో పదహారూ కనిపిస్తాయి. ఇబ్బందల్లా మెమరీతోనే. 1981 నాటి ఆ కార్డులో ఉన్నది 16 కేబీ. 320×200 చుక్కలకి ఒక్కోదానికి 2 బిట్లు ఇస్తే 16,000 బైట్లు అయిపోతాయి, కార్డులో ఉన్నవే 16,384. రెండు బిట్లతో నాలుగు రంగులే కదా లెక్కకొచ్చేది. కార్డు మీది కాంపోజిట్ సాకెట్‌కి (రంగులన్నీ ఒకే తీగలో కలిపి పంపేది) టీవీ తగిలిస్తే పక్కపక్క చుక్కలు కలిసిపోయి కొత్త రంగులు పుడతాయి, అమెరికాలో కొన్ని ఆటలు దీన్నే వాడుకున్నాయి. అది ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్, అంటే అమెరికా టీవీల పద్ధతి. మన దగ్గరి పాల్ పద్ధతి టీవీల్లో ఆ రంగులు రావు.

అపోహ: ఎండీఏ (ఒకే రంగు అక్షరాల కార్డు), సీజీఏ, ఈజీఏ (సీజీఏ తర్వాతి రంగుల కార్డు) మూడింటికీ 9 పిన్నుల సాకెట్టే, ఏ మానిటర్ దేనికైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: పాత మానిటర్లు కాలిపోయే ప్రమాదం ఇక్కడే. ఎండీఏ అడ్డ స్కాన్ (తెర మీద అడ్డగీతలు గీసే వేగం) 18.432 కిలోహెర్ట్‌జ్, సీజీఏది 15.7, ఈజీఏ 350 గీతల మోడ్‌ది 21.8. ఎండీఏకి వాడే ఐబీఎం 5151 మోనో (ఒకే రంగు) మానిటర్, కార్డు పంపే సింక్ (గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సిగ్నల్) మీదే నడుస్తుంది. దానికి సీజీఏ సిగ్నల్ ఇస్తే డిఫ్లెక్షన్ సర్క్యూట్ (గీతలు గీయించే భాగం) వేడెక్కి పాడైపోతుంది. సన్నగా కూత వినిపించినా, తెర మీద గీతలు ఏటవాలుగా పరిగెత్తినా వెంటనే స్విచ్ ఆపేయండి. ఆపాక ఆలోచించవచ్చు.

ఇంకో మెలిక 2వ పిన్నులో ఉంది. సీజీఏ మానిటర్‌లో అది గ్రౌండ్, ఈజీఏలో రెండో ఎరుపు రంగు సిగ్నల్. ఈజీఏ కార్డుకి సీజీఏ మానిటర్ కలిపేముందు కార్డు మీది జంపర్‌ని (పిన్నులని కలిపే చిన్న తొడుగు) గ్రౌండ్ వైపు మార్చాలి, వెనక డిప్ స్విచ్‌లు (వరసగా ఉండే బుల్లి స్విచ్‌లు) కూడా ఆ మానిటర్‌కి తగ్గట్టు పెట్టాలి. ఆ తర్వాతే కరెంట్.

అపోహ: టెక్స్ట్ మారేటప్పుడు తెల్లని మంచులా చుక్కలు రాలుతున్నాయంటే మానిటర్ పాడైనట్టే.

వాస్తవం: మానిటర్ బాగానే ఉంది. సీజీఏ మెమరీకి ఒకటే దారి. 80 కాలమ్‌ల మోడ్‌లో తెరకి చదివే వేళలోనే ప్రాసెసర్ రాస్తే ఆ చుక్కలు తప్పవు. 40 కాలమ్‌లకి మారి చూడండి, మాయమైతే కారణం ఇదే. కార్డు స్థితి చెప్పే 3డీఏ పోర్టు చూసి, రిట్రేస్‌లోనే (ఒక గీత లేదా తెర గీయడం అయ్యాక వచ్చే విరామంలో) రాసే ప్రోగ్రాములకి ఈ బాధ లేదు.

అపోహ: ఈజీఏ అంటే 640×350లో 16 రంగులు.

వాస్తవం: మెమరీ ఉంటేనే. 16 రంగులకి 1,12,000 బైట్లు కావాలి. 1984లో 64 కేబీతో వచ్చిన కార్డులో అదే మోడ్ నాలుగు రంగులతో సరిపెట్టుకోవాలి. అదనపు మెమరీ బోర్డు వేసిందా లేదా చూడకుండా కొనకండి. ఈజీఏ తర్వాత 1987లో వచ్చిన వీజీఏ కార్డుదీ ఇదే కథ: 640×480లో 256 రంగులకి 3,07,200 బైట్లు, కార్డులో 256 కేబీ. ఐబీఎం ఇచ్చిన ప్రామాణిక 256 రంగుల మోడ్ 320×200దే.

అపోహ: హెర్క్యులిస్ కార్డు అచ్చం ఎండీఏకి నకలు.

వాస్తవం: ఎండీఏకి గ్రాఫిక్స్ లేవు. ఇది అదే మోనో మానిటర్ మీద 720×348 గ్రాఫిక్స్ ఇచ్చింది. దాన్ని తయారుచేసిన వాన్ సువన్నుకుల్‌కి కావలసింది థాయ్ లిపిని పీసీ తెర మీద రాయడం. మనవాళ్లకి ఆ అవసరం చెప్పక్కర్లేదు: సీజీఏ 8×8 గడిలో 'స్త్రీ' రాసి చూడండి, వత్తులు పెట్టేలోపే గడి నిండిపోతుంది.