ప్రింటు కలంకారీ కూడా అందమే కదా? ఈ వాదన వెనక కథ

తిరుపతి గాంధీ రోడ్డులో నాలుగు చీరల షాపులు తిరిగితే చాలు, కలంకారీ పేరుతో మూడు రకాల గుడ్డలు చూపిస్తారు. ఒకటి శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీసింది, ఇంకోటి మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దింది, మూడోది ఎక్కడో మిషన్ మీద స్క్రీన్ ప్రింటో డిజిటల్ ప్రింటో కొట్టి తెచ్చింది. మూడోదాని రేటు మొదటిదాని పక్కన పెడితే నవ్వొస్తుంది. తేడా ఏంటని అడిగామా, "చూసేదానికి బాగుండాది కదక్కా, ఇంకేం కావాల?" అంటారు. కాళహస్తిలో కలం పట్టినవాళ్లకి ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది, జీఐ గుర్తింపు (ఒక ఊరి సరుకుకే ఆ పేరు చెందుతుందనే ప్రభుత్వ ముద్ర) ఉన్న పేరును ఎవడు పడితే వాడు వాడుకుంటున్నాడని.

వాళ్ల కోపం న్యాయమే. కానీ షాపాయన ప్రశ్న కూడా తీసిపారేసేది కాదు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తుంటే ఒకదాన్ని ఎక్కువ అందమని ఎలా అంటాం? పోనీ ఎవరి ఇష్టం వాళ్లదనుకుంటే అసలు వాదించుకోవడం దేనికి? మైసూర్‌పాక్ నచ్చదన్నవాడితో ఎవరూ గొడవ పడరు, చంద్రగిరి రాజమహల్‌లో ఏముంది పాత గోడలు తప్ప అన్నవాడిని మాత్రం అంత సులువుగా వదలం.

మనవాళ్లు ఇలాంటిచోట వాదన ముగించడానికి "లోకో భిన్నరుచిః" అనేస్తారు. ఆ మాటకు మూలం కాళిదాసు రఘువంశం, ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరం. అంగరాజును దాటి ముందుకు వెళ్లిపొమ్మంటుంది ఆమె, వెంట ఉన్న చెలికత్తెతో. అక్కడ కాళిదాసు చెప్పేదేమిటంటే, అతను కోరదగినవాడు కాకపోలేదు, ఆమెకు చక్కగా చూడటం రాకా కాదు, లోకంలో రుచులు వేరు. మనం తోక మాత్రం ఉంచుకుని తల కోసేశాం. చూడటం తెలిసినవాళ్లు, చూడదగిన దాన్ని చూశాక కూడా ఇష్టం వేరు కావచ్చు అంటున్నాడాయన. చూడకుండానే "నా ఇష్టం" అనేవాళ్లకి ఆ శ్లోకంలో చోటు లేదు.

ఈ చూడటం రావడం అన్నదాన్ని పట్టుకుని చాలా దూరం వెళ్లినవాడు అభినవగుప్తుడు, సుమారు వెయ్యేళ్ల కిందటి కాశ్మీరీ పండితుడు. కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలా అయినవాడిని సహృదయుడన్నాడు. రసానికి అడ్డొచ్చే విఘ్నాలను లెక్కపెడుతూ, సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం కూడా ఒక విఘ్నమేనన్నాడు. పదిహేడో శతాబ్దంలో మన కోనసీమ ముంగండ వాడైన జగన్నాథ పండితరాయలు, షాజహాన్ కొలువులో ఉన్నాయన, దీన్నే ఇంకా ముక్కుసూటిగా చెప్పాడు. "నీకు కొడుకు పుట్టాడు", "నీకు డబ్బిస్తాను" అన్న మాటలు వింటే సంతోషం వస్తుంది, కానీ అది కావ్యం ఇచ్చే ఆనందం కాదు, ఎందుకంటే అందులో లోకోత్తరమైనదేమీ లేదు. లాభం తెచ్చే సంతోషాన్ని పక్కన పెట్టాకే అందం సంగతి మొదలవుతుందన్నమాట. యూరప్‌లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఇలాంటి మాట అన్నది 1790లో, అంటే పండితరాయల తర్వాత వందేళ్లు దాటాక.

ఇక యూరప్ కథ. అక్కడ అభిరుచి గురించి పుస్తకాలు కుప్పలుగా వచ్చిన కాలం పద్దెనిమిదో శతాబ్దం, అదే కాలంలో మన కోరమాండల్ (తూర్పు) తీరపు రంగు గుడ్డల మీద అక్కడ నిషేధాలు నడుస్తున్నాయి. తత్వశాస్త్రం పాఠాల్లో ఈ రెంటినీ కలిపి ఎవరూ చెప్పరు, నాకైతే కలిపి చూడాలనే అనిపిస్తుంది. కలంతో గీసి, వేర్ల రంగులు అద్దిన మన నూలు గుడ్డ అక్కడి ఆడవాళ్లకి తెగ నచ్చేసింది. ఎన్ని ఉతుకులకీ రంగు పోదు, అలాంటిది వాళ్లకి అప్పటికి చేతకాదు. వాళ్ల ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట మీద దెబ్బ పడింది. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో ఇంకో చట్టం తెచ్చింది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో కాలికో (ఈ రంగుల నూలు గుడ్డే) గౌను వేసుకున్న ఆడవాళ్లని వెంటపడి, బట్టలు చింపిన సంఘటనలున్నాయి. ఎవరి ఇష్టం వాళ్లదేనట!

ఆ నిషేధం ఫ్రాన్స్‌లో ఇంకా ఉండగానే, 1757లో, స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అభిరుచికి ప్రమాణం ఉందా అంటూ ఒక వ్యాసం రాశాడు. అందులో డాన్ క్విక్సోట్ అనే స్పానిష్ నవల నుంచి తీసుకున్న పిట్టకథ ఒకటుంది. పీపాలో ఉన్న ద్రాక్షసారా ఎలా ఉందో చెప్పమని ఇద్దరిని పిలిస్తే, బాగుంది కానీ కాస్త తోలు వాసన తగులుతోందని ఒకడు, ఇనుము తగులుతోందని ఇంకొకడు అన్నారు. అందరూ నవ్వారు. తీరా పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు పట్టీ కట్టిన పాత తాళంచెవి దొరికింది. నచ్చడం మనసులోని సంగతే అయినా, మనసు పట్టుకునేది వస్తువులో నిజంగా ఉండొచ్చు, కాకపోతే పట్టుకోవడానికి అలవాటు కావాలి, నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి చూసిన అనుభవం కావాలి. కాళిదాసు ఒక్క పాదంలో చెప్పేసిన దాన్ని హ్యూమ్ పేజీలకు పేజీలు రాశాడని నేనంటే మా ఫిలాసఫీ మాస్టారు ఒప్పుకోరు, అది వేరే విషయం.

కాంట్ దగ్గరికొస్తే వ్యవహారం బిగుస్తుంది. ఈ ద్రాక్షసారా నాకు నచ్చింది అన్నప్పుడు "నాకు" అన్న మాట ఉండాలి, ఇది అందంగా ఉంది అన్నప్పుడు ఆ "నాకు" పనికిరాదు, ఎందుకంటే అప్పుడు అందరూ ఒప్పుకోవాలని అడుగుతున్నాం. ఋజువు చూపించలేం, అయినా అడుగుతాం. మైసూర్‌పాక్‌కీ రాజమహల్‌కీ ఉన్న తేడా ఇదే. అయితే ఈయనే మన కలంకారీకి ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టాడు. కళ వేరు, చేతిపని వేరు, కళ స్వేచ్ఛగా ఆడే ఆట, చేతిపని కూలి కోసం చేసే కష్టం అన్నాడు. ఆ విభజన ఆయన ఒక్కడిదే కాదు, ఫ్రాన్స్‌లో బట్టో అనే పండితుడు 1746లోనే లలితకళల్ని విడిగా ఒక గుంపు చేసి పెట్టాడు. ఆ లెక్కన గుడి కోసం రామాయణం మొత్తం గళ్లు గళ్లుగా గీసి, కింద తెలుగులో కథ రాసే కాళహస్తి మనిషి పనివాడే అవుతాడు. కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది, అయినా మన ఎగ్జిబిషన్లలో కలంకారీ ఇప్పటికీ హస్తకళల స్టాల్‌లోనే ఉంటుంది.

అభిరుచి అంటే చివరికి డబ్బు, చదువు, పుట్టిన ఇల్లే అని ఫ్రెంచి సామాజికవేత్త బోర్దియూ 1979లో తేల్చాడు. చాలావరకు నిజం. హ్యాండ్‌మేడ్ మాత్రమే కడతాను అనే గొంతులో చీర కంటే హోదా ఎక్కువ వినపడటం మనకి తెలియందేం కాదు.

కానీ షాపాయన ప్రశ్న అలాగే ఉంది, చూస్తే ఒకేలా ఉన్నప్పుడు తేడా ఎక్కడ? కాంట్ ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఒక సత్రం యజమాని పొదలో ఒక కుర్రాణ్ణి దాచిపెట్టి, రెల్లు పీకతో నైటింగేల్ పిట్టలా ఊదించాడు. అతిథులు మైమరచి విన్నారు. మోసం తెలిశాక అదే పాటని ఎవరూ ఎక్కువసేపు వినలేరు అంటాడు కాంట్. అంటే తెలిసిన విషయం కూడా అందంలో భాగమేనా? అమెరికన్ తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో ఇంకాస్త గట్టి జవాబు చెప్పాడు. అసలుకీ నకలుకీ తేడా ఈరోజు నా కంటికి కనపడకపోయినా, ఉందని తెలియడం వల్లే నా చూపు మారుతుంది, రేపటికి పట్టుకోవడం నేర్చుకుంటుంది. హాలండ్‌లో వాన్ మీగెరన్ కథ దీనికి సాక్ష్యం. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ పేరు మీద అతను గీసిన దొంగ బొమ్మని 1937లో పెద్ద పెద్ద నిపుణులే మెచ్చుకున్నారు, తర్వాత మ్యూజియంలో పెట్టించారు. 1945లో గుట్టు బయటపడింది. ఇప్పుడు ఆ బొమ్మలన్నీ ఒకచోట పెడితే కొత్తవాళ్లు కూడా ఇవి వెర్మీర్‌వి ఎలా అనుకున్నార్రా అంటారు.

కలంకారీలోనూ అంతే. కాళహస్తిలో గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీసుకుంటారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన కసిమిలో కలం ముంచి దాని మీద గీత వేస్తారు, ఆ గీత గుడ్డలోని కరక్కాయతో కలిశాకే చిక్కటి నలుపవుతుంది. కలం అంటే వెదురు పుల్లకి చుట్టిన ఉన్ని, వేళ్లతో నొక్కినకొద్దీ రంగు దిగుతుంది. అందుకే గీత ఒకచోట లావు, ఇంకోచోట సన్నం, చెయ్యి ఆగినచోట చిన్న మచ్చ. బొమ్మలో గీతే ప్రధానం, రంగు ఆకర్షణ మాత్రమే అన్నాడు కాంట్. ఈ ఒక్క మాటలో మాత్రం ఆయన కాళహస్తి పక్షం.

ప్రింటు చీర కట్టుకోవడంలో తప్పేం లేదు, ప్రింటని చెప్పి అమ్మినంతకాలం. కలంతో గీసిందని చెబితే మాత్రం చీర పూర్తిగా విప్పమని అడగండి. అదే ఆకు, అదే వంకర, అదే మచ్చ మూరకోసారి మళ్లీ వస్తుంటే అది కలంతో గీసింది కాదు, అచ్చుదో మిషన్‌దో.