అరిచే కోచ్, ముదిరే పాకం

రహీం సాబ్ మీద హిందీ సినిమా వచ్చిన దగ్గర నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. మొన్న ఒక పాఠకుడు సూటిగానే అడిగారు: "కోచ్ నాలుగు మాటలు చెప్తే ఓడిపోయే జట్టు గెలిచేస్తుందా అండీ? ఇదంతా సినిమావాళ్ల మసాలానా, ఇందులో సైన్స్ ఏమైనా ఉందా?"

ఉంది. కాకపోతే అది సినిమాకి పనికొచ్చే రకం కాదు.

తెలియనివాళ్ల కోసం రహీం సాబ్ గురించి నాలుగు ముక్కలు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ, బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకీ, తర్వాత భారత జట్టుకీ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకి నాలుగో స్థానం వచ్చింది ఆయన హయాంలోనే. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా, గ్రూపు దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టే. స్టేడియం నిండా మనమంటే మండిపడుతున్న జనం. ముందురోజు రాత్రి ఆయన ఆటగాళ్లని కూర్చోబెట్టి, రేపు మీ నుంచి నాకో కానుక కావాలి, బంగారం తెచ్చివ్వండి అన్నారని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. 2-1తో బంగారం మనదైంది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ పోయారు.

ఆ కానుక మాట అందరికీ గుర్తుంది. జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్ అన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? తలకి దెబ్బ తగిలి కుట్లు పడిన మనిషిని రహీం ముందు వరుసలోకి మార్చారు. గెలుపు గోల్ అతనిదే. కన్నీళ్లు తెప్పించే మాటా, బోర్డు మీద మార్చిన ఒక స్థానమూ పక్కపక్కన ఉంటే మనం మాటకే దండ వేస్తాం.

సరే, మాట పనిచేస్తుందనే అనుకుందాం. ఎలా పనిచేస్తుంది? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు చిట్టెలుకల దగ్గర దొరుకుతుంది.

1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు గిరగిరా తిరిగే ఒక జాతి చిట్టెలుకల మీద ప్రయోగం చేశారు. ఎలుక ముందు రెండు దారులు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. నల్లదాంట్లోకి వెళ్తే కాళ్లకి కరెంటు షాక్. తెల్లదాన్ని ఎంచుకోవడం ఎంత త్వరగా నేర్చుకుంటుందో చూడాలి. రెండు దారుల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నప్పుడు షాక్ పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. వెలుతురు తగ్గించి తేడాని పోల్చుకోవడం కష్టం చేసినప్పుడు మాత్రం కథ తిరగబడింది. మరీ చిన్న షాక్ చాలలేదు, ఓ మాదిరి షాక్ బాగా పనిచేసింది, గట్టి షాక్ ఇస్తే నేర్చుకోవడం ఆలస్యమైంది.

మన మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో దీన్ని కొండలాంటి ఒక గీతగా గీసి, కింద "ఉద్రేకం", పక్కన "సామర్థ్యం" అని రాసి వదిలేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ ఇద్దరూ కొలిచింది ఉద్రేకాన్ని కాదు, షాక్‌ని. దాన్ని ఉద్రేకంగా సాగదీసింది తర్వాతి తరం, 1950లలో. పైగా అసలు విషయం కొండ ఉందని కాదు, పని కష్టమయ్యేకొద్దీ కొండ శిఖరం ఎడమవైపుకి జరుగుతుందని. ఆ ముక్క తీసేసి ప్రయోగం చెప్పడమంటే పప్పు తీసేసి సాంబారు పోయడమే.

అరిసెలు వండే ఇంట్లో పుట్టినవాళ్లకి ఈ గీత వేరే గీసి చూపించక్కర్లేదు. బెల్లం పాకం లేతగా ఉండగా దించితే చలిమిడి నూనెలో విడిపోతుంది. రెండు నిమిషాలు ఆదమరిస్తే అరిసెలు రాళ్లవుతాయి. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, అదీ అదను. అదే పల్లీపట్టీకైతే ఆ పాకం చాలదు. ఆ ఉండని పళ్లేనికేసి కొడితే ఠంగుమనాలి. గులాబ్ జామ్‌కి ఇవేవీ వద్దు, పంచదార పాకం వేళ్లకి జిగురుగా తగిలితే చాలు. మంట ఒకటే, పొయ్యి ఒకటే. ఎక్కడ దించాలన్నది చేసే వంటని బట్టి ఉంటుంది.

ఇప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్దాం. కార్నర్ వచ్చినప్పుడు ఎగిరి తలతో బంతిని బయటికి కొట్టాల్సిన సెంటర్ బ్యాక్ పల్లీపట్టీ లాంటివాడు, వాడికి ముదురు పాకం కావాలి. చుట్టూ ముగ్గురు మూగుతుండగా తల తిప్పి చూసుకుంటూ సందులోంచి పాస్ ఇవ్వాల్సిన మిడ్‌ఫీల్డర్ గులాబ్ జామ్. పెనాల్టీ తీసుకునేవాడు కూడా అంతే. గోల్ కీపర్ది మరీ చిత్రం: అరగంట చేతులు కట్టుకుని నిలబడతాడు, అర సెకనులో ఎగురుతాడు. కోచ్ దగ్గరున్నది ఒకే గొంతు. ఒకే గిన్నెలో పదకొండు రకాల పాకం పట్టమని అడుగుతున్నాం. అదీ కాక గిన్నెలో బెల్లం చల్లగా కూడా లేదు. మొదటి సగంలో ఎల్లో కార్డు చూసి వచ్చినవాడు అప్పటికే బుడగలు కక్కుతుంటాడు. వాడి మీద ఇంకో కేక వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా.

ఈ ముదరడం మెదడులో ఎలా జరుగుతుందో కూడా ఇప్పుడు కొంత తెలుసు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని ఒక చిన్న కణాల గుంపు ఉంది. అది నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాన్ని మెదడంతా చల్లుతుంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే ఆలోచించి నిర్ణయించే భాగంలో, దీన్ని అందుకునే గ్రాహకాలు ఒక రకం కాదు. ఆల్ఫా-2ఏ గ్రాహకాలకి నార్‌ఎపినెఫ్రిన్ అంటే మహా ప్రీతి, కొంచెం దొరికినా పట్టేసుకుంటాయి. అవి పట్టుకున్నప్పుడు నాడీకణాల మధ్య సంకేతాలు కారిపోకుండా నిలబడతాయి, మనిషి చురుగ్గా ఆలోచిస్తాడు. ఆల్ఫా-1 గ్రాహకాలకి అంత ఆబ లేదు. రసాయనం వరదలా వచ్చినప్పుడే అవి మేల్కొంటాయి. మేల్కొంటే ఆ కణాల మధ్య సంబంధాలు బలహీనపడతాయి, పెత్తనం పాత అలవాట్లకీ భయానికీ పోతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి తేల్చిన సంగతి ఇది. కొండ ఎడమవాలు ఒక గ్రాహకానిది, కుడివాలు ఇంకోదానిది!

కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. ఒత్తిడి మొదలైన 20 నుంచి 30 నిమిషాలకి అది లాలాజలంలో శిఖరానికి చేరుతుంది. హాఫ్ టైమ్ విరామం 15 నిమిషాలు. అంటే విరామం మొదట్లోనే వేసిన కేక తాలూకు కార్టిసాల్ రెండో సగంలో ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య ఎక్కడో పతాకస్థాయికి వస్తుందన్నమాట, అప్పటికి అరిచినాయన బయట బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతుంటాడు. ఇది నా కూడిక మాత్రమేనండోయ్. అంతసేపు పరుగెత్తినవాడి ఒంట్లో కార్టిసాల్ ఎలాగూ పెరిగే ఉంటుంది.

నిజం మనుషుల మీద కొలిచిన లెక్క కావాలంటే బ్యారీ స్టా, అతని సహచరులు 2019లో అచ్చువేసిన అధ్యయనం ఉంది. ఫుట్‌బాల్ కాదు, బాస్కెట్‌బాల్. కాలిఫోర్నియాలో 23 హైస్కూలు, కాలేజీ జట్ల కోచ్‌లు హాఫ్ టైమ్‌లో మాట్లాడిన 304 సందర్భాలని రికార్డు చేసి, గొంతులో ఎంత కోపం, ఎంత చిరాకు ఉన్నాయో మార్కులు వేయించారు. కోచ్ కటువుగా ఉన్నకొద్దీ రెండో సగం ఆట మెరుగుపడింది, కానీ ఒక హద్దు వరకే. హద్దు దాటి శివాలెత్తినచోట ఆట దిగజారింది. మళ్లీ అదే కొండ. పిల్లల జట్ల మీద చేసిన లెక్కని కోట్లు సంపాదించే ఆటగాళ్లకి అలాగే అతికించడానికి మాత్రం నాకు చెయ్యి రాదు.

అయితే శివాలెత్తే కోచ్‌లు, తిట్టే మాస్టార్లు, తమ తిట్టే పనిచేసిందని గుండెల మీద చెయ్యేసుకుని ఎందుకు చెప్తారు? అబద్ధమాడటం లేదు వాళ్లు. వాళ్ల కళ్లకి అలాగే కనిపిస్తుంది.

దీన్ని పట్టుకున్నది మనస్తత్వవేత్త డేనియల్ కానేమన్. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకి ఆయన ప్రశంస గొప్పతనం గురించి పాఠం చెప్తుంటే ఒక శిక్షకుడు లేచి అడ్డం తిరిగాడు. బాగా చేసినవాణ్ని మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ని తిడితే తర్వాతిసారి బాగా చేస్తున్నాడు, మాకు ఈ కబుర్లు చెప్పకండి అన్నాడు. కానేమన్ నేల మీద సుద్దముక్కతో ఒక గుర్తు గీసి, అందరినీ వరసగా దానికి వీపు తిప్పి నిలబెట్టి, తలా రెండు నాణేలు వెనక్కి విసరమన్నాడు. మొదటిసారి దగ్గరగా వేసినవాళ్లు రెండోసారి ఎక్కువగా దూరమయ్యారు, దూరంగా వేసినవాళ్లు దగ్గరయ్యారు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, మెచ్చుకోలేదు. మరీ చెడ్డ ఫలితంలో దురదృష్టం పాలు ఎక్కువ ఉంటుంది, అది రెండోసారి అంతే మోతాదులో రాదు. ఇదే సగటుకి మళ్లడం.

"దండం దశగుణం భవేత్" అని మన బళ్లలో బెత్తం పట్టుకుని వల్లించిన తరాలన్నీ ఈ నాణేల ఆటలో మోసపోయినవే. యూనిట్ టెస్టులో 20 వచ్చినవాడికి వాతలు పెడితే తర్వాత 35 వచ్చాయి, బెత్తం మహిమ! పెట్టకపోయినా 35 వచ్చేవేమో ఎవరు చూశారు?

ఫుట్‌బాల్‌లో దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ 2008 డిసెంబర్ 26న జరిగింది. మాంచెస్టర్ సిటీ మైదానంలో హల్ సిటీ హాఫ్ టైమ్‌కి 4-0తో వెనకబడి ఉంది. మేనేజర్ ఫిల్ బ్రౌన్ ఆటగాళ్లని లోపలికి పోనివ్వలేదు. తమ అభిమానుల గ్యాలరీ ముందే గడ్డి మీద కూర్చోబెట్టి వేలు చూపిస్తూ క్లాసు పీకాడు. మ్యాచ్ 5-1తో ముగిసింది. అంటే రెండో సగం 1-1! ఎవరైనా బ్రౌన్ అభిమాని ఉంటే ఇదిగో చూడండి, చీవాట్లు పనిచేశాయి అని వాదించవచ్చు. కానీ 4-0 లాంటి సగం ఏ జట్టుకైనా వరసగా రెండుసార్లు రావడం అరుదు. సీజన్ మొదట్లో పైస్థానాల్లో మెరిసిన హల్ చివరికి 17వ స్థానంలో, ఒకే ఒక్క పాయింటు తేడాతో కింది లీగ్‌కి జారకుండా బతికి బయటపడింది. అంత పతనానికీ ఆ పావుగంటే కారణమంటే నేను ఒప్పుకోను, అదీ ఇదే తప్పుకి ఇంకో వైపు. ఆ జట్టు మాత్రం మర్చిపోలేదు. మరుసటి ఏడాది నవంబర్‌లో అదే మైదానంలో గోల్ కొట్టిన జిమ్మీ బుల్లార్డ్, జట్టువాళ్లని చుట్టూ కూర్చోబెట్టి వేలు ఆడిస్తూ ఆ క్లాసుని అనుకరించాడు.

మాంచెస్టర్ యునైటెడ్‌ని నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ పేరు చెప్పగానే అందరికీ ఆయన కేకలే గుర్తొస్తాయి, వాటికి హెయిర్ డ్రయ్యర్ అని ముద్దుపేరు కూడా ఉంది. ఆయన మాత్రం తిట్లతో బాగుపడేవాళ్లు తక్కువనీ, ఆటలో అన్నిటికన్నా మంచి మాట "శభాష్" అనీ హార్వర్డ్ వాళ్లకి చెప్పాడు. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బయర్న్ మ్యూనిక్ మీద 1-0తో వెనకబడి ఉండగా, ఓడితే ఆ కప్పు పక్కనుంచే నడిచిపోతారు కానీ ముట్టుకోలేరని హాఫ్ టైమ్‌లో చెప్పిన మాట ప్రసిద్ధం. రెండు గోల్స్ పడ్డాయి, అవీ 90 నిమిషాలు దాటాక. మధ్యలో బయర్న్ వాళ్లు కొట్టిన బంతి ఒకసారి స్తంభానికి, ఒకసారి అడ్డబార్‌కి తగిలి వెనక్కొచ్చింది. స్తంభమూ బారూ ఆ ప్రసంగం వినలేదు కదా! 2002 ప్రపంచకప్‌లో ఇటలీ కోచ్ ట్రపటోనీ మైదానం పక్కన పవిత్ర జలం చల్లేవాడు. దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయారు కాబట్టి ఆ నీళ్ల మహిమ గురించి ఎవరూ రాయలేదు.

నా ఓటు 2005 మే 25, ఇస్తాంబుల్ డ్రెస్సింగ్ రూమ్‌కి. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఏసీ మిలాన్ మీద లివర్‌పూల్ 3-0తో వెనకబడి లోపలికొచ్చింది. మేనేజర్ రఫా బెనితేజ్ స్పెయిన్ వాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం, వీరావేశపు ఉపన్యాసాలు ఆయన వల్ల కాదు. త్రావోరేని తీసేస్తున్నానన్నాడు, అతను బూట్లు విప్పేశాడు. ఈలోపు ఫిజియో వచ్చి ఫినన్‌కి గాయమైంది, ఆడలేడన్నాడు. త్రావోరే మళ్లీ బూట్లు తొడిగాడు. ఈ గందరగోళంలో ఒక దశలో బోర్డు మీద లివర్‌పూల్ తరఫున 12 మంది తేలారని ఆటగాళ్లే తర్వాత నవ్వుకుంటూ చెప్పారు. చివరికి తేలిందేమిటంటే వెనక ముగ్గురే ఉంటారు, హామన్ లోపలికొచ్చి మిలాన్ ఆటగాడు కాకాకి దారి మూస్తాడు, దాంతో గెరార్డ్ ముందుకెళ్లొచ్చు. 54, 56, 60 నిమిషాల్లో మూడు గోల్స్, మొదటిది గెరార్డ్‌దే. షూటౌట్‌లో కప్పు.

అక్కడా అదృష్టం ఉంది, సందేహం లేదు. అయితే పాకం భాషలో చెప్పాలంటే, 3-0తో లోపలికొచ్చినవాళ్లు అప్పటికే ముదిరిపోయి ఉన్నారు. వాళ్లకి మంట పెంచడం కాదు, చేతికి పని ఇవ్వడం కావాలి. నువ్వు ఇక్కడ నిలబడు, వాణ్ని పట్టుకో అన్న మాటతో కష్టమైన పని సులువవుతుంది. పని సులువైతే కొండ శిఖరం కుడివైపుకి జరుగుతుంది, అంతకుముందు ఎక్కువైన ఉద్రేకమే ఇప్పుడు సరిపోతుంది. యెర్క్స్ ఎలుకల గదిలో షాక్ తగ్గించకుండా దీపం పెంచినట్టు.

ఇంతకీ ఆ 15 నిమిషాల్లో కోచ్‌కి తెలియకుండా చల్లారేవి ఇంకోటి ఉన్నాయి, కండరాలు. డెన్మార్క్ పరిశోధకులు 2004లో కొలిస్తే, ఊరికే కూర్చున్న ఆటగాళ్ల తొడ కండరాల ఉష్ణోగ్రత విరామంలో సుమారు 2 డిగ్రీల సెల్సియస్ పడిపోయింది, రెండో సగం మొదట్లో వాళ్ల పరుగు వేగం 2.4 శాతం తగ్గింది. విరామంలో ఓ ఏడు నిమిషాలు తేలిగ్గా పరుగెత్తినవాళ్లకి ఆ నష్టం లేదు. బళ్లలో జట్లు నడిపే పీఈటీ మాస్టార్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈసారి ఉపన్యాసంలో సగం కోసేసి పిల్లల్ని నాలుగు నిమిషాలు ముందే గ్రౌండ్‌లోకి తోలి చూడండి.