ప్లనేరియా, నియోబ్లాస్టులు, చిన్న ఆర్‌ఎన్‌ఏలు: అపోహలు - వాస్తవాలు

ప్లనేరియా అనే చదును పురుగును రెండు ముక్కలు చేస్తే రెండు పురుగులవుతాయని తెలిసినవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: "మూలకణాలున్నాయి కాబట్టి పెరుగుతుంది, అంతేగా?" అంతే కాదు. మూలకణాలు ఉండటం ఒక ఎత్తు, వాటి పిల్లకణాలు పనికొచ్చే కండగా, చర్మంగా, మెదడుగా మారడం మరో ఎత్తు. మేం పనిచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏల (జన్యువుల పనిని అదుపుచేసే పొట్టి ఆర్‌ఎన్‌ఏ పోగుల) కథంతా ఈ రెండో దాని చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: ఎంత చిన్న ముక్కైనా, ఎక్కడ కోసినా కొత్త పురుగు వస్తుంది.

1898లో జీవశాస్త్రవేత్త మోర్గాన్ 279వ వంతు ముక్క కూడా పెరగగలదని లెక్కగట్టిన మాట నిజమే. కానీ ఆ ముక్కలో నియోబ్లాస్టులు, అంటే ప్లనేరియా మూలకణాలు, ఉండాలి. ఈ పురుగు ఒంట్లో విభజన చెందే దేహకణాలు అవే. కళ్లకు ముందున్న కొసలో, గొంతుగొట్టంలో అవి ఉండవు. అందుకే ఆ ముక్కల్ని విడిగా కోసి పెడితే పెరగవు. మరో సంగతి: డెండ్రోసీలం అనే బంధువు వెనక ముక్కలో మూలకణాలున్నా తల రాదు. 2013లో తల రావాలా తోక రావాలా అని చెప్పే బీటా-కెటెనిన్ సంకేతాన్ని తగ్గించి చూస్తే ఆ తోక ముక్కకీ తల వచ్చింది. అక్కడ కొరత కణాలది కాదు, వాటికి అందే ఆదేశానిది.

అపోహ: నియోబ్లాస్టులను గుర్తుపట్టడానికి వాడే పీవీ జన్యువే వాటిని బతికిస్తోంది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇది. పీవీ అంటే చిన్న ఆర్‌ఎన్‌ఏలను పట్టుకుని పనిచేసే ప్రొటీన్ల కుటుంబం, ప్లనేరియాలో ఆ కుటుంబపు జన్యువులే స్మెడ్‌వి-1, 2, 3. స్మెడ్‌వి-1 జన్యువు మాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. అయినా కాలేయపు ముద్దలో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కలిపి తినిపించి, ఆ ఒక్క జన్యువునే అణచివేస్తే పురుగుకు పైకి ఏమీ కాదు, తల కోసినా మామూలుగానే పెరుగుతుంది. అదే స్మెడ్‌వి-2ను అణచండి. మొదట్లో నియోబ్లాస్టులు ఉంటాయి, విభజన కూడా జరుగుతుంది. కానీ గాయం దగ్గర కొత్త కణజాలం మొలవదు. అసలు కోయని పురుగులో కూడా కళ్లకు ముందున్న కొస క్రమంగా అరిగిపోతుంది. అక్కడ సొంత నియోబ్లాస్టులు లేవు కదా, వెనక నుంచి వచ్చే పిల్లకణాలే దిక్కు, అవి సరిగ్గా తయారవడం లేదు. తర్వాత పురుగు పొట్టవైపు ముడుచుకుని చచ్చిపోతుంది. 60 గ్రేల మోతాదులో రేడియేషన్ ఇచ్చి నియోబ్లాస్టులన్నిటినీ చంపినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పైనుంచి చూసి రెండూ ఒకటే అనుకుంటే మొదటికే మోసం: ఒకదాంట్లో కణాలే లేవు, మరోదాంట్లో కణాలున్నా వాటి వారసులు పనికిరావడం లేదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. స్మెడ్‌వి-1 ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) కనిపిస్తే అది నియోబ్లాస్టు. ప్రొటీన్ మాత్రం పిల్లకణాల్లోనూ కొన్ని రోజులు నిలిచి ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీతో వెలిగిన ప్రతి కణాన్నీ మూలకణంగా లెక్కేయకూడదు.

అపోహ: చిన్న ఆర్‌ఎన్‌ఏలన్నీ ఒకటే.

కావు. మైక్రోఆర్‌ఎన్‌ఏలు దాదాపు 22 అక్షరాల పొడవు, డైసర్ అనే ఎంజైమ్ కోస్తే వస్తాయి. ప్లనేరియా పై-ఆర్‌ఎన్‌ఏలు (పీవీ ప్రొటీన్లతో జతకట్టేవి) 31-32 అక్షరాలు, ఒంటిపోగు నుంచి తయారవుతాయి, వాటికి డైసర్ అక్కర్లేదు.

అపోహ: పీవీ దారి బీజకణాలకే పరిమితం, అదీ ట్రాన్స్‌పోజాన్లను (జన్యుసముదాయంలో చోటు మారే డీఎన్‌ఏ ముక్కలను) అణచడానికే.

ఈగల్లో, ఎలుకల్లో మొదట బీజకోశాల్లోనే కనిపించడం వల్ల వచ్చిన అభిప్రాయమిది. ప్లనేరియాలో గుడ్లు పెట్టకుండా చీలిపోతూ పెరిగే రకం ఉంది. దానికి ఎదిగిన బీజకోశాలే లేవు, పై-ఆర్‌ఎన్‌ఏలు మాత్రం నియోబ్లాస్టుల్లో దండిగా ఉంటాయి. అవసరమూ అలాంటిదే: ష్మిట్టియా మెడిటెరేనియా అనే ప్లనేరియా జన్యుసముదాయంలో సగానికి పైగా పదేపదే వచ్చే వరసలే, వాటిలో బర్రో అనే ట్రాన్స్‌పోజాన్లు 30,000 అక్షరాలు దాటుతాయి. కేంద్రకంలో ఉండే పీవీ ప్రొటీన్ (స్మెడ్‌వి-2) పిల్లకణాలకూ వారసత్వంగా వెళ్లి, అవి రూపం మార్చుకునే వేళ ట్రాన్స్‌పోజాన్లు లేవకుండా చూస్తుంది. స్మెడ్‌వి-3 అలా కాదు. అది కణద్రవ్యంలో ఉంటూ నియోబ్లాస్టుల సొంత ఎంఆర్‌ఎన్‌ఏల మీద కూడా పనిచేస్తుంది. నన్నడిగితే ఈ రెండో పనికి దక్కాల్సినంత గుర్తింపు ఇంకా దక్కలేదు.

అపోహ: మనుషుల్లో పీవీని మేల్కొలిపితే తెగిన చెయ్యి మొలుస్తుంది.

మనకు నాలుగు పీవీ జన్యువులున్నాయి, ఎక్కువగా వృషణాల్లో పనిచేస్తాయి. ఒక ప్రొటీన్ లేకపోతే పని ఆగిపోతుందని చూపడం వేరు, అదొక్కటే ఉంటే పని అవుతుందని చూపడం వేరు. ప్లనేరియాలో రుజువైంది మొదటిది మాత్రమే.

అపోహ: చదును పురుగుల మూలకణాలకు పీవీ తప్పనిసరి.

బద్దెపురుగులు, షిస్టోసోమా లాంటి పరాన్నజీవుల్లో పీవీ జన్యువే లేదు, ఎప్పుడో పోయింది. అయినా వాటిలో నియోబ్లాస్టుల్లాంటి కణాలున్నాయి. బద్దెపురుగు మీటర్ల కొద్దీ పెరిగేది వాటితోనే. షిస్టోసోమా మూలకణాల్లో పీవీకి దగ్గరి చుట్టమైన ఆర్గొనాట్ ప్రొటీన్ ఒకటి ఎక్కువగా తయారవుతుంది. అందుకే కొత్త జాతి చేతికొస్తే ముందు దాని జన్యుసముదాయంలో పీవీ ఉందో లేదో వెతకండి. ప్లనేరియా ఫలితాలను దానికి వర్తింపజేసే పని ఆ తర్వాత.