తీరం వెంట చదునైన బాట: అపోహలు - వాస్తవాలు

సముద్రం పక్కన తారో కాంక్రీటో వేసిన ప్రకృతి బాటల మీద జనాన్ని నడిపించడం, సైకిళ్ల మీద తీసుకెళ్లడం నా పని. వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. గాలి ఎటు నుంచి వీస్తోంది, పోటు ఎప్పుడు అని అడిగేవాళ్లు తక్కువ. కానీ ఆ రోజు ప్రయాణం ఎలా సాగుతుందో తేల్చేవి ఆ రెండే.

అపోహ: దారి చదునుగా ఉంది కాబట్టి సులువు.

చదును దారిలో పల్లం రాదు. అంటే తొక్కడం ఆపి కాళ్లకు కాస్త విశ్రాంతినిచ్చే చోటు కూడా రాదు. పైగా తీరంలో గాలికి అడ్డంగా చెట్లూ గోడలూ పెద్దగా ఉండవు. పగటిపూట నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. దాని మీది గాలి పైకి లేస్తుంది, సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. ఇది సాధారణంగా పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. ఉదయం ఆకు కూడా కదలని దారే మధ్యాహ్నం మిమ్మల్ని వెనక్కి నెడుతుంది.

అపోహ: పోయేటప్పుడు ఎదురుగాలైతే వచ్చేటప్పుడు వెనకగాలి, చెల్లుకు చెల్లు.

లెక్క వేసి చూడండి. గాలి లేనప్పుడు గంటకు 20 కిలోమీటర్లు తొక్కే మనిషికి 10 కిలోమీటర్లు పోయి రావడానికి ఒక గంట పడుతుంది. ఎదురుగాలిలో వేగం 10కి పడిపోయి, వెనకగాలిలో 30కి పెరిగిందనుకుందాం. పోవడానికి 60 నిమిషాలు, రావడానికి 20. మొత్తం 80. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి పోయిన సమయం తిరిగి రాదు.

అందుకే ఓపిక ఉండగానే ఎదురుగాలిలోకి బయల్దేరమంటాను. దీంట్లో ఒక మెలిక ఉంది. ఉదయం గాలి లేనప్పుడు బయల్దేరేవాళ్లు అప్పటి గాలిని కాదు, తిరిగొచ్చే వేళకు ఉండబోయే గాలిని వాతావరణ సూచనలో చూసుకోవాలి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో నడిచేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అలసిపోయిన వేళ గాలి వీపు మీద ఉండాలి గానీ ముఖం మీద కాదు.

అపోహ: మబ్బుగా ఉంది, చల్లగాలి ఉంది, ఎండతో టెన్షన్ లేదు.

పలుచని మబ్బుల గుండా చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా కిందికి వస్తాయి. పొడి ఇసుక సుమారు 15 శాతం, అలల నురుగు 25 శాతం కిరణాలను మన మీదికి తిప్పి కొడతాయి. కాబట్టి టోపీ ఒక్కటే చాలదు. గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి తెలియదు. దాహం కోసం ఎదురుచూడకుండా మధ్యమధ్యలో తాగుతూ ఉండండి.

అపోహ: పక్షులు కనిపించాలంటే ఉదయాన్నే వెళ్లాలి.

అడవికైతే సరే. తీరంలో పిట్టల గడియారం చాలావరకు ఆటుపోట్లతో నడుస్తుంది. నీరు తగ్గినప్పుడు అవి దూరంగా బురదనేలల్లో చెల్లాచెదురై పురుగుల్నీ నత్తల్నీ ఏరుకుంటాయి, మనకు చుక్కల్లా కనిపిస్తాయి. పోటు పెరిగేకొద్దీ ఆ నేల మునిగిపోయి గుంపులుగా ఒడ్డుకు, అంటే మన బాటకు, దగ్గరగా వస్తాయి. కాబట్టి నిండు పోటుకు కాస్త ముందూ వెనకా వెళ్లండి. చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ వారం కుదిరిన వేళ వచ్చే వారం కుదరదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ ఎక్కువగా ఎక్కుతుంది, పల్లంగా ఉన్న బాటలు కొన్ని మునుగుతాయి కూడా.

ఒడ్డున గుంపుగా నిలబడ్డ పిట్టలు ఊరికే నిలబడలేదు, విశ్రాంతి తీసుకుంటున్నాయి. 2022లో గాడ్విట్ అనే ఒక వలస పిట్ట అమెరికాలోని అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణానికి ఇంధనం ఒంట్లో కూడబెట్టుకున్న కొవ్వే. ఫొటో కోసం మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. నేరుగా వాటివైపు నడవకండి, బాట వెంట పక్కగా సాగిపోండి. తలలెత్తి ఒక్కసారిగా మెడలు సాచాయంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారు.

అపోహ: సిమెంటు పోశాక ఇక ప్రకృతి ఎక్కడిది?

ఈ మాట అనేవాళ్ల బాధ నాకు తెలుసు. బాట వేసే చోటు తప్పుగా ఎంచుకుంటే నష్టమే. కానీ మంచి బాట వేల కాళ్లను ఒకే గీత మీద నడిపిస్తుంది. అది లేకపోతే ఇసుకదిబ్బల మీద ఎవరి దారి వాళ్లదే. ఆ దిబ్బల్ని పట్టి ఉంచేది గడ్డి, పాకుడు తీగల వేర్లు. అవి తొక్కుడుకు చచ్చిపోతే ఇసుక గాలికి కొట్టుకుపోతుంది. ప్లోవర్ వంటి పిట్టలు ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్ల రంగు ఇసుకలో కలిసిపోయి కాలు పడేదాకా కనిపించదు. తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు పాడవుతాయి. "నాలుగడుగులేగా" అని బాట దిగొద్దు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు కూడా సముద్రాన్ని దగ్గరగా చూడగలిగేది ఇలాంటి బాటల మీదే.

అపోహ: మంచి రోడ్డే కదా, సైకిల్‌కు ఏమవుతుంది?

బాట మీదికి కొట్టుకొచ్చిన పలుచని ఇసుక పొర చక్రాన్ని జారుస్తుంది. దాని మీద మలుపు తిప్పుతూ బ్రేక్ వేయకండి, ముందే వేగం తగ్గించి నిటారుగా దాటండి. తడిసిన చెక్క వంతెనలూ అంతే. నడిచేవాళ్లను దాటే ముందు దూరం నుంచే బెల్ కొట్టండి, గాలి హోరులో దగ్గరికొచ్చాక కొడితే ఉలిక్కిపడి అడ్డం వస్తారు.

ఉప్పు తుంపర కంటికి కనిపించకుండానే చైన్‌కు, బోల్టులకు తుప్పు పట్టిస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ పైపు మాత్రం వద్దు, బేరింగుల్లోకి నీరు పోతుంది. గుడ్డతో తుడిచి, చైన్ పూర్తిగా ఆరాకే నూనె వేయండి. ఇసుక మీద నూనె వేస్తే అది చైన్‌ను అరగదీస్తుంది.