జడ్జి మంచివాడైతే చాలా? అమెరికా మునిసిపల్ కోర్టుల వెనక యాభై ఏళ్ల కథ

2025 ఆగస్టు 20న ఫ్రాంక్ కాప్రియో కన్నుమూశాక ఆయన వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరిగాయి. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం, ప్రావిడెన్స్ నగర మునిసిపల్ కోర్టులో ఆయన 1985 నుంచి 2023 దాకా జడ్జి. కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఎదుటివాళ్ల కష్టం విని చలానా కొట్టేయడం, కోర్టుకు వచ్చిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తీర్పు అడగడం చాలామంది చూసే ఉంటారు. ఆ వీడియోల వెనకే పాత వాదనా లేచింది. ఊరి కోర్టుకు ఇలాంటి మనసున్న జడ్జీలే కావాలని ఒక పక్షం అంటుంది. పేదవాడి గతి జడ్జి మనసు మీద ఆధారపడటమే అసలు జబ్బని రెండో పక్షం అంటుంది.

ఈ గొడవ వచ్చినప్పుడల్లా అందరూ ఫెర్గూసన్ దగ్గర మొదలుపెడతారు. పోలీసుల, కోర్టు తీరు మీద 2015లో ప్రభుత్వ నివేదిక వచ్చిన మిస్సోరి రాష్ట్రపు ఊరది. నా దృష్టిలో మలుపు అంతకు 43 ఏళ్ల ముందే, ఒహాయో రాష్ట్రంలోని మన్రోవిల్ అనే చిన్న ఊళ్లో వచ్చింది.

అక్కడ మేయరే జడ్జి. కౌన్సిల్ సమావేశాలు నడిపేదీ, ఊరి జమాఖర్చులు కౌన్సిల్‌కు అప్పజెప్పేదీ ఆయనే. ట్రాఫిక్ కేసుల్లో జరిమానా వేసేదీ ఆయనే. వార్డ్ అనే వ్యక్తికి రెండు ట్రాఫిక్ తప్పులకు 50 డాలర్ల చొప్పున జరిమానా పడింది. ఆయన ఊరుకోలేదు, కేసును అమెరికా సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాడు. అక్కడ బయటపడిన లెక్క చూడండి. 1964లో ఆ ఊరి మొత్తం ఆదాయం 46,355 డాలర్లు. అందులో 23,589 డాలర్లు మేయర్ కోర్టు తెచ్చిపెట్టినవే. అంటే సగానికి పైనే. 1968లో కూడా దాదాపు 53 వేలలో 23 వేలకు పైగా అక్కడి నుంచే వచ్చాయి.

అంతకుముందు 1927లోనే సుప్రీంకోర్టు ఒహాయోకే చెందిన మరో మేయర్ కేసులో ఒక గీత గీసింది. అక్కడ నిందితుడికి శిక్ష పడితేనే మేయర్ జేబులోకి 12 డాలర్లు వెళ్లేవి. అది తప్పని తేల్చడం కష్టం కాలేదు. మన్రోవిల్ మేయర్ మాత్రం సొంతానికి ఒక్క డాలరూ తీసుకోలేదు. డబ్బంతా ఊరి ఖజానాకే వెళ్లింది. అయినా 1972లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా చీలి, ఇది నిష్పాక్షిక విచారణ కాదని చెప్పింది. ఖజానా నింపాల్సిన బాధ్యత ఉన్న మనిషి చేతిలో తీర్పు పెడితే, సగటు మనిషి ఎవరైనా అటువైపు మొగ్గే ప్రమాదం ఉందన్నది దాని సారం. పై కోర్టులో మళ్లీ మొదటి నుంచి విచారణ జరుగుతుంది కదా అన్న వాదననూ ఒప్పుకోలేదు. మొదటి మెట్టు మీదే తటస్థుడైన జడ్జి దొరకాలన్నది.

ఈ తీర్పు ఎంత గొప్పదో, అది ముట్టుకోకుండా వదిలేసిన విషయమూ అంత పెద్దది. అది మేయర్ గురించి మాట్లాడింది. మేయరూ కౌన్సిలూ ఏరికోరి నియమించి, జీతమిచ్చి, రెండు మూడేళ్లకోసారి కొనసాగించాలో వద్దో తేల్చే లాయరు జడ్జి మాటేమిటి? ఖజానా నింపే బాధ్యత ఆయనకు లేదు. కానీ ఆయన కుర్చీ, ఆ బాధ్యత ఉన్నవాళ్ల చేతిలోనే ఉంది. ఆ తర్వాత జరిగినదంతా ఈ సందులోంచి వచ్చిందే అని నేను నమ్ముతున్నాను.

ఈ జడ్జీల వృత్తి జీవితం ఎలా సాగుతుందో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. పార్కింగ్, ట్రాఫిక్, ఇంటి ముందు పెరిగిన గడ్డి, చిల్లర తగాదాలు ఇక్కడికొచ్చే కేసులు. చాలాచోట్ల జడ్జిది పార్ట్‌టైమ్ ఉద్యోగమే. మిగతా రోజుల్లో సొంత ప్రాక్టీసు చేసుకుంటారు. ఒకే లాయరు రెండు మూడు ఊళ్లకు జడ్జిగా ఉండొచ్చు. సౌత్ కరోలైనాలోనైతే మునిసిపల్ జడ్జికి లా డిగ్రీ తప్పనిసరి కాదు. కెంటకీలో బొగ్గుగని కార్మికుడొకరు పోలీసు కోర్టు జడ్జిగా కూర్చుని వేసిన శిక్ష మీద వచ్చిన కేసులో, పైన లాయరు జడ్జి దగ్గర పునర్విచారణకు వీలుంది కాబట్టి అది చెల్లుతుందని 1976లో సుప్రీంకోర్టే చెప్పింది. అంతకు నాలుగేళ్ల ముందు మొదటి మెట్టు మీదే న్యాయం దొరకాలన్న కోర్టు, ఇక్కడ పై మెట్టు చూపించి సరిపెట్టింది.

ఇప్పుడు ఫెర్గూసన్. మిస్సోరిలో సెయింట్ లూయిస్ పక్కనున్న ఈ ఊరి మీద అమెరికా న్యాయశాఖ 2015 మార్చి 4న నివేదిక ఇచ్చింది. పోలీసుల జాతి వివక్ష గురించి అందరూ చదివారు. కోర్టు గురించి రాసిన పేజీలకు అంత పేరు రాలేదు. 2010 ఆర్థిక సంవత్సరంలో కోర్టు జరిమానాలు, ఫీజుల ద్వారా ఊరికి 13.8 లక్షల డాలర్లు వచ్చాయి. 2015 బడ్జెట్‌లో అదే పద్దు కింద 30.9 లక్షలు వస్తాయని రాసుకున్నారు. కోర్టు పోలీస్ స్టేషన్ భవనంలోనే ఉండేది, సిబ్బంది పోలీస్ చీఫ్‌కే జవాబు చెప్పేవారు. జడ్జి పార్ట్‌టైమ్. పేరు ప్రతిపాదించేది నగర పాలన నడిపే అధికారి సిటీ మేనేజర్, ఎన్నుకునేది కౌన్సిల్.

ఆ జడ్జిని మళ్లీ నియమించాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఒక కౌన్సిల్ సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. జడ్జి పనితీరు మీద భిన్నాభిప్రాయాలున్నాయని సిటీ మేనేజరూ ఒప్పుకున్నాడు. అయినా కొనసాగించమనే సలహా ఇచ్చాడు. కోర్టు పనివేగం తగ్గినా, జరిమానాల రాబడి పడిపోయినా నగరం తట్టుకోలేదన్నది ఆయన చూపిన కారణం. 1972 తీర్పు మేయర్ విషయంలో దేనికి భయపడిందో అదే ఇక్కడ రాతపూర్వకంగా ఉంది. జడ్జిని తూచిన తక్కెడలో ఒకవైపు న్యాయం, రెండోవైపు రాబడి ఉంటే రాబడే బరువు తూగింది.

దీని ఫలితం ఎవరి మీద పడిందో అదే నివేదికలో ఉంది. ఒక నల్లజాతి మహిళ 2007లో ఒక్కసారి కారు తప్పుగా పార్క్ చేసింది. రెండు చలానాలు, 151 డాలర్ల జరిమానా, పైన ఫీజులు. డబ్బు కట్టలేక వాయిదాలు తప్పింది. వారంట్లు వచ్చాయి. రెండుసార్లు అరెస్టయి ఆరు రోజులు జైల్లో ఉంది. 2014 డిసెంబర్ నాటికి 550 డాలర్లు కట్టేసింది. ఇంకా 541 బాకీ ఉంది. కట్టలేని స్థితి గురించి విచారించకుండా ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో బయట ఉండనివ్వడం) రద్దుచేసి జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. అయినా అలాంటి విచారణ ఈ కోర్టు గుమ్మం దాకా రాలేదు. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే జడ్జి రాజీనామా చేశాడు, మిస్సోరి సుప్రీంకోర్టు తన తరఫున మరో జడ్జిని పంపింది.

అదే ఏడాది జులైలో మిస్సోరి చట్టం మార్చింది. ఊరి ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటా అంతకుముందు 30 శాతం దాకా ఉండేందుకు వీలుండేది. దాన్ని 20కి, సెయింట్ లూయిస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) 12.5కి తగ్గించారు. ఒక్క కౌంటీకి వేరే లెక్క కుదరదని 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ 12.5ను కొట్టేసింది. పరిమితి రాబడికి పెట్టారు. జడ్జిని ఎవరు నియమించాలన్న సంగతి ఊళ్లకే ఉంచేశారు.

జడ్జీల వైపు మాటా ఉంది. తాము ఊరి మనుషులమని, ఎవరి ఇంట్లో ఏ కష్టమో తమకు తెలుసని, పనులకు వెళ్లేవాళ్ల కోసం సాయంత్రాలు కోర్టు నడుపుతున్నామని, స్కూళ్లకు వెళ్లి పిల్లలతో మాట్లాడుతున్నామని అంటారు. ఒక ఫెర్గూసన్‌ను చూపించి అందరినీ ఒకే గాటన కట్టొద్దంటారు. ఇందులో అబద్ధం లేదు. ఇల్లులేని మాజీ సైనికుల చిన్న కేసులను వాళ్ల శిబిరం దగ్గరికే వెళ్లి తేల్చే పని 1989లో శాన్ డియెగోలో మొదలైంది. కాప్రియో కూడా రాత్రి కాలేజీలో లా చదువుతూ పగలు స్కూల్లో పాఠాలు చెప్పినవాడు, నగర కౌన్సిల్‌లో పనిచేసినవాడు. తల్లి ఫిలోమినా పేరిట ఉన్న నిధికి దూరదూరాల నుంచి జనం పంపిన డబ్బుతో చాలామంది పేదల జరిమానాలు తీర్చాడు. ఆ మనుషులు నిజంగానే గట్టెక్కారు. కానీ ఆ జరిమానా అలాగే ఉంది, కట్టింది వేరొకరు. కాప్రియో లేని కోర్టులో అదే తప్పుకు అదే మనిషి ఏం చేయాలి అన్న ప్రశ్నకు ఈ సేవ జవాబు కాలేదు.

వేరే దారి లేదా అంటే, ఉంది. కాలిఫోర్నియా 1997లో కోర్టుల ఖర్చును కౌంటీల నుంచి రాష్ట్ర ఖజానాకు మార్చింది. మరుసటి ఏడాది ప్రజల ఓటుతో మునిసిపల్ కోర్టులను కౌంటీ స్థాయి సుపీరియర్ కోర్టుల్లో కలిపేసే వీలు తెచ్చింది. 2001 నాటికి మొత్తం 58 కౌంటీల్లో అది పూర్తయింది. దీనివల్ల అక్కడ చలానాలు చౌకైపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కోర్టు ఖర్చు స్థానిక బడ్జెట్ మీద ఆధారపడటం పోయింది.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో, కోర్టులను ఆదాయ వనరుగా చూడటం మీద రాష్ట్ర సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2018లో గట్టిగా మాట్లాడింది. చిన్న కోర్టులను కలపమంది. 2019 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి 15 ఏళ్లు దాటిన 7,87,764 చిన్న కేసులను ఒక్క ఉత్తర్వుతో కొట్టేశారు. ఎంతోమంది నెత్తి మీద అన్నేళ్లుగా వేలాడిన కత్తి అది. మునిసిపల్ జడ్జి పదవీకాలం మాత్రం మారలేదు, మూడేళ్లే. ఒక్క ఊరి కోర్టుకైతే ఆ మూడేళ్లు అయ్యాక కొనసాగించాలా వద్దా అని తేల్చేది ఆ ఊరి పాలకులే.