చేప నోరు మూస్తుంది, నాచు మూయదు

టెక్కలి దగ్గర మన ఊరి నుంచి

సంక్రాంతి సెలవులకు వచ్చి వెళ్ళిన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న పొద్దున చెరువు రేవు దగ్గర గుర్రపుడెక్క తీయించాము. ఆ వేళ్ళ మధ్య మీ గాలాలు మూడు దొరికాయి. ఒకదానికి బారెడు నైలాన్ దారం, ఇంకోదానికి సీసపు గుండు అలాగే వేలాడుతున్నాయి. పండుగ రోజుల్లో చిన్నది గట్టు మీద నుంచి ఏడుపు మొహంతో వచ్చి, "చేప పడలేదు తాతయ్యా, నాచే పడింది" అని నిలబడటం నా కళ్ళ ముందే ఉంది. ఆ హడావిడిలో కూర్చోబెట్టి సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయినా చివరిదాకా చదవండి.

గాలానికి చేప ఏదో, నాచు ఏదో తెలియదు. మొనకు ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది. తేడా అంతా అవతలి వాటిలోనే ఉంది. చేప ఎరను నోట్లోకి తీసుకుని నోరు మూస్తుంది. నాచు మూయదు, ఒరుసుకుంటూ పక్కకు జారిపోతుంది. కాబట్టి ఏదైనా గట్టిగా నొక్కితేనే మొన బయటపడేలా గాలాన్ని కట్టుకోవాలి. అప్పుడు నాచు దాన్ని తాకి ఊరుకుంటుంది, నొక్కేది చేప ఒక్కటే. నేను చెప్పబోయే కిటుకులన్నీ ఈ ఒక్క తేడా మీదే నిలబడ్డాయి.

ఇది మీరే ఇంట్లో చూసుకోవచ్చు, పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడు మాత్రమే. కుచ్చు పోగుల తువ్వాలు ఒకటి నేల మీద పరచండి. దారానికి కట్టిన ఉత్త గాలాన్ని దాని మీద మెల్లగా లాగండి. జానెడు దూరం పోకముందే ఒక పోగును పట్టుకుని ఆగిపోతుంది. ఇప్పుడు గోధుమపిండి ముద్దను చింతగింజంత తీసుకుని, మొన సరిగ్గా లోపలికి దాగేలా అద్ది మళ్ళీ లాగండి. ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా వచ్చేస్తుంది. అదే పిండిని పుల్లతో నొక్కి చూడండి, మొన తొంగిచూస్తుంది. పిండి మరీ గట్టిగా ఉంటే చేప నొక్కినా మొన బయటికి రాదు, మరీ మెత్తగా ఉంటే నీళ్ళలో పడగానే జారిపోతుంది. చెవితమ్మె ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా కలపమని మా నాన్న చెప్పేవారు. తవుడు, కాస్త తెలగపిండి కలిపితే వాసనకు చేపలు త్వరగా వస్తాయి.

వానపామును గుచ్చేటప్పుడు మీరందరూ చేసిన పొరపాటు ఒకటే. నడుముకు అడ్డంగా ఒక్క పోటు పొడిచి మొనను బయటికి వదిలేశారు. అలా కాదు. తల వైపు నుంచి మొదలుపెట్టి, మేజోడు తొడిగినట్టు గాలం వంపు పొడవునా వానపామును ఎక్కించండి. మొనను బయటికి రానివ్వకుండా, చర్మం కింద బియ్యపు గింజంత లోతులో ఆపండి. తోక కొసను మాత్రం కదలడానికి వదిలేయండి. ఆ కదలికకే చేప వస్తుంది.

మూడో ఉపాయం మొనకు కాపు కట్టడం. బట్టలు ఉతికే పాత బ్రష్షు నుంచి గట్టి ప్లాస్టిక్ పోగు ఒకటి పీకండి. దాని ఒక కొసను గాలం కాడకు, దారం కట్టే కన్ను దగ్గర, సన్నటి దారంతో పది పన్నెండు చుట్లు చుట్టి బిగించండి. రెండో కొస ఏటవాలుగా వచ్చి మొనకు ఎదురుగా, మొనను ఒక నువ్వుగింజంత దాటి ఆగాలి. ఇప్పుడు గాలం నాచులో నుంచి వస్తుంటే తీగలు ఆ పోగు మీదుగా జారి, మొనను తాకకుండా దాటిపోతాయి. చేప నోరు మూసినప్పుడు పోగు వంగి మొనకు దారి ఇస్తుంది. సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే చిటికెన వేలి గోటితో పోగును తాకండి. ఊరికే వంగిపోతే నాచును ఆపలేదు. గోరు నొప్పి పుట్టేంత బిర్రుగా ఉంటే చిన్న చేప దాన్ని వంచలేదు. ఒక్క పోగు చాలకపోతే రెండు పోగులు కట్టి, వాటి కొసలను మొనకు అటూ ఇటూ ఉంచండి. దారం ముడి వేశాక మిగిలిన కొసలను మొదలంటా కత్తిరించండి. వాటిని కూడా నాచు పట్టుకుంటుంది. మూడు మొనలున్న గాలాన్ని మాత్రం నాచు చెరువులోకి తేకండి. అది చిక్కుకోవడానికి మూడు దారులు.

గాలం ఎంత బాగా కట్టినా లాగడం తెలియకపోతే లాభం లేదు. ఇక్కడ కొంచెం ఆగి, మన చెరువును గుర్తు తెచ్చుకోండి. తూము వైపు నీటి అడుగున జుట్టులా నిలబడి పెరిగే నాచు ఉంది. రావిచెట్టు వైపు తేలే గుర్రపుడెక్క ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు.

అడుగు నాచుకు వేర్లు కింద, కొసలు పైన. అమ్మ జడ వేసేటప్పుడు దువ్వెనను జుట్టు పొడవునా తీస్తే జారుతుంది, అడ్డంగా తీస్తే చిక్కు పడుతుంది. గాలమూ అంతే. అడుగు నాచులోకి దించిన గాలాన్ని నిలువుగా పైకి తీయాలి. అది కాడల వెంబడే జారుతూ వస్తుంది. మీరు గట్టు మీద నిలబడి అడ్డంగా ఈడ్చారు, చెరువు జడ మొత్తాన్ని దువ్వారు. అందుకే ఇలాంటి చోట గాలాన్ని దూరంగా విసరకూడదు. పొడవాటి వెదురు కర్ర పట్టుకుని, నాచు మధ్య కనిపించే ఖాళీలో నూతిలోకి చేద దించినట్టు నిలువుగా దించి, నిలువుగానే తీయాలి.

గుర్రపుడెక్కకు వేళ్ళు నీటిలో కిందికి వేలాడుతుంటాయి, ఆ వేళ్ళ కింద నీరు ఖాళీగా ఉంటుంది. అక్కడ గాలాన్ని ఉన్న చోటు నుంచే పైకి లేపితే నేరుగా వేళ్ళలోకి పోతుంది. మీ మూడు గాలాలూ దొరికింది అక్కడే. కర్ర కొసను నీటికి దగ్గరగా దించి, గాలాన్ని ముందు ఖాళీ వైపు అడ్డంగా తెచ్చుకుని, ఆ తరువాతే పైకి లేపాలి. తామర ఉన్న చోట ఇంకో జాగ్రత్త కావాలి. తామర కాడకు సన్నటి ముళ్ళుంటాయి. నైలాన్ దారం వాటికి రాసుకుంటే గీతలు పడి, పెద్ద చేప పడిన రోజే తెగుతుంది.

నీటి మీద తేలే బెండును దారానికి ఎంత ఎత్తులో కట్టాలన్నది కూడా నాచే చెబుతుంది. దారం కొసకు చిన్న ఇనుప నట్టు కట్టి దించండి. దారం ఎక్కువైతే బెండు నీటి మీద పడుకుంటుంది, తక్కువైతే మునిగిపోతుంది, సరిపోతే నిలబడుతుంది. అలా లోతు తెలుస్తుంది. నట్టును పైకి తీసినప్పుడు దారానికి నాచు పీచు ఎక్కడిదాకా అంటుకుందో చూస్తే నాచు ఎత్తు తెలుస్తుంది. నీరు అయిదు అడుగులు, నాచు రెండు అడుగులు ఉందనుకోండి. బెండు నుంచి గాలానికి రెండున్నర అడుగులు ఉంచితే ఎర నాచు నెత్తి మీద అర అడుగు ఎత్తున వేలాడుతుంది. నాచులో దాగిన చేప తల ఎత్తితే ఎర కనిపిస్తుంది. జీలుగు బెండు గాని, నెమలి ఈక కాడ గాని అయితే చిన్న కదలికకు కూడా స్పందిస్తాయి.

ఇక సీసపు గుండు. గాలానికి పైన బరువు కట్టారు, అది గాలాన్ని వెంటబెట్టుకుని నాచు అడుగుకు దిగింది. బరువును దారం చిట్టచివర కట్టి, దానికి ఒక అడుగు ఎత్తున, అసలు దారం నుంచి పక్కకు కొమ్మలా జానెడు దారం వేసి గాలం కట్టండి. బరువును కట్టేది మిషను కుట్టు దారంతో. బరువు ఇరుక్కుంటే ఆ బలహీనమైన దారం తెగి బరువు ఒక్కటే పోతుంది, గాలం, చేప మీకు దక్కుతాయి. అందుకే బరువుగా సీసం వద్దు, ఇనుప నట్టు చాలు. నీటి పక్షులు మేత అరగడానికి చిన్న రాళ్ళు మింగుతాయి, వాటితో పాటు సీసపు గుండ్లను కూడా మింగి విషంతో చచ్చిపోతాయి. బ్రిటన్‌లో హంసలు అలా చనిపోతుంటే 1987లో గాలాలకు వాడే చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్నే నిషేధించారు. మనకు తేలినీలాపురం ఎంత దూరం? గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా అక్కడి చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకుంటాయి. ఆ పిల్లల మేత కోసం చుట్టుపక్కల నీళ్ళన్నీ వెతుకుతాయి. కాళ్ళకు నైలాన్ చుట్టుకున్న కొంగను నేను ఒకసారి చూశాను. గూటిలోని కొమ్మకు దారం తగులుకుని అది ఎగరలేకపోయింది. తెగిన దారం మూరెడైనా సరే, జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకురండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి గాలం చిక్కుకుంటుంది. అప్పుడు బలంగా గుంజకండి. నాకు పదకొండేళ్ళప్పుడు అలాగే గుంజాను. నాచు ఒక్కసారిగా వదిలింది, గాలం ఎగిరి వచ్చి ఎడమ కన్ను కింద దిగింది. మీరు చిన్నప్పటి నుంచి అడిగే మచ్చ అదే. చిక్కుకోగానే ముందు దారం వదులు చేయండి. చాలాసార్లు గాలం తన బరువుకే కిందికి జారి విడిపోతుంది. లేకపోతే గట్టు వెంబడి అటు పక్కకు నడిచి, ఏ వైపు నుంచి దిగిందో ఆ వైపే మెల్లగా లాగండి. అదీ కాకపోతే దారాన్ని బిగించి, వింటినారిలా కొంచెం లాగి ఠక్కున వదలండి. ఎప్పుడూ మొహం పక్కకు తిప్పి ఉంచండి. దారాన్ని వేళ్ళకు చుట్టుకోకండి, నైలాన్ చేతిని కోస్తుంది, పుల్లకు చుట్టి పట్టుకోండి. గాలం కోసం నీళ్ళలోకి మాత్రం దిగవద్దు. నాచు కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా పైకి రాలేరు. పది రూపాయల గాలం పోతే పోనివ్వండి. గాలంతో పాటు వచ్చిన నాచు ముక్కలను తిరిగి నీళ్ళలో వేయకుండా గట్టు మీద ఎండలో పడేయండి. ఈ నాచు చిన్న ముక్క నుంచి కూడా వేరు తొడిగి కొత్త మొక్క అవుతుంది.

మొన వెనక ఎదురు తిరిగి ఉండే పలుకును శ్రావణంతో నొక్కి చదును చేయండి. నాచు నుంచి సులువుగా విడిపోతుంది, పొరపాటున వేలిలో దిగినా పెద్ద గాయం కాదు. పలుకు ఉన్న గాలం లోతుగా దిగితే మీరు లాగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి, ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

నాచు ఉన్న చోటికి ఎందుకు పోవాలి, ఖాళీ నీళ్ళలో పట్టుకోవచ్చు కదా అని పెద్దవాడు అడిగాడు. నాచు చేపకు నీడ, పురుగుల మేత, దాక్కునే చోటు. రాత్రంతా మొక్కలు కూడా నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి, అందుకే తెల్లవారుజామున చేపలు నాచు అంచుకు, పై నీటికి వస్తాయి. ఆ వేళ అంచుల్లోనే గాలం వేయాలి. కొర్రమీను, మట్టగిడస, గొరక లాంటివి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి గుర్రపుడెక్క మధ్య ఖాళీల్లోనే ఉంటాయి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద బంతిలా కదులుతూ కనిపిస్తే అది కొర్రమీను సంసారం, తల్లిదండ్రులు కింద కాపలా కాస్తుంటాయి. అక్కడ గాలం వేయకండి. మన చెరువును ఈ ఏడు కూడా మత్స్యకారుల సంఘం వేలంలో తీసుకుంది. ముందుగా వాళ్ళను అడిగి, వాళ్ళు చూపిన మూలలోనే కూర్చోవాలి.

మీ మూడు గాలాలకూ తుప్పు గీకి, పలుకు నొక్కి, కొబ్బరినూనె రాసి బెండుముక్కకు గుచ్చి ఉంచాను. మే నెలలో వచ్చినప్పుడు తీసుకోండి. ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా తెచ్చుకోండి. అప్పటికి చెరువు సగానికి పైగా ఎండిపోతుంది, మోడులు, రాళ్ళు, తామర దుంపలు ఎక్కడెక్కడ ఉన్నాయో బయటపడతాయి. తూము నుంచి మొదలుపెట్టి అడుగులు లెక్కిస్తూ పటం గీద్దాము. వానలు పడి నీళ్ళు నిండాక ఆ పటం చూసే గాలం వేయవచ్చు.

మీ
తాతయ్య