పాతిక డిగ్రీల ఎండలో ఇంజిన్‌కి మంచు

"బయట 25 డిగ్రీలుంది, మబ్బు తునక కూడా లేదు. అలాంటి రోజున విమానం ఇంజిన్‌లోకి మంచు ఎక్కడినుంచి వస్తుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. బయటనుంచి రాదు. చిన్న పిస్టన్ విమానాల్లో, గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్ తనకు కావలసిన చలిని తానే పుట్టించుకుంటుంది. నన్ను ఎప్పటినుంచో ఆకట్టుకున్న సంగతి ఇది.

ఇంజెక్షన్‌కి ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది కదా. స్పిరిట్ ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని మన చర్మంలోంచి లాక్కుంటుంది. దాన్నే గుప్తోష్ణం అంటారు. బడిలో దాని మీద ఎన్ని లెక్కలు చేయించినా, ఈ ఉదాహరణ ఒక్కటి చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు. కార్బ్యురేటర్‌లో స్పిరిట్ బదులు పెట్రోలు, చర్మం బదులు గాలి.

లెక్క వేసి చూద్దాం. కిలో పెట్రోలు ఆవిరి కావాలంటే సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ కిలోతో పాటు ఇంజిన్ దాదాపు 14 కిలోల గాలి పీలుస్తుంది. అంటే ఒక్కో కిలో గాలి 25 కిలోజౌళ్లు వదులుకోవాలి. ఒక కిలోజౌల్ పోతే కిలో గాలి ఒక డిగ్రీ చల్లబడుతుంది. అంటే 25 డిగ్రీలు! పెట్రోలంతా అక్కడే ఆవిరైపోదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. కానీ వెంచురీ అనే ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, మరికొన్ని డిగ్రీలు పడిపోతాయి. అన్నీ కలిసి 30 డిగ్రీలు దాటే సందర్భాలూ ఉంటాయి.

ఇక నీళ్లు. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో 17 గ్రాముల దాకా నీటి ఆవిరి పడుతుంది. సున్నా దగ్గర 5 గ్రాములు కూడా పట్టదు. తేమ నిండిన రోజున మిగతా 12 గ్రాములు బయటపడాల్సిందే. కిందికి దిగుతూ థ్రాటిల్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని తగ్గించి పెంచే రేకు) బాగా తగ్గించినప్పుడు, 5 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 2 ఘనపు మీటర్ల గాలి పీలుస్తోందనుకోండి. 24 గ్రాముల నీళ్లు. అందులో పదో వంతు అంటుకున్నా ఐదు నిమిషాల్లో 12 గ్రాములు, చిన్న ఐస్ ముక్కంత. అది పేరుకునేది థ్రాటిల్ రేకు అంచున. మూసిన రేకు పక్కన మిగిలిన సందు ఎంతని! అదీ పూడుకుపోతే ఇంజిన్‌కి గాలి అందదు.

విరుగుడు కార్బ్ హీట్. ఆ నాబ్ లాగితే ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. వేడి గాలి పలచన, మిశ్రమంలో పెట్రోలు పాళ్లు పెరుగుతాయి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) కాస్త పడుతుంది. మంచు ఉంటే అది కరిగి నీళ్లు సిలిండర్లలోకి పోతాయి, ఇంజిన్ ఇంకా గరగరలాడుతుంది. కొత్త పైలట్‌కి టెన్షన్ పుట్టి నాబ్ వెనక్కి నెట్టేసేది సరిగ్గా ఇక్కడే. నెట్టకూడదు. మంచు పోగానే ఆర్‌పీఎం మళ్లీ లేస్తుంది. ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ (రెక్కల కోణం మారనిది) అయితే ఈ పడటం, లేవటం ఆర్‌పీఎంలో కనబడతాయి. కాన్‌స్టంట్ స్పీడ్ (రెక్కల కోణం మార్చుకుంటూ ఒకే వేగం నిలిపేది) అయితే ఆర్‌పీఎం కదలదు, మానిఫోల్డ్ ప్రెషర్, అంటే సిలిండర్లలోకి పోయే గొట్టంలోని పీడనం, చూడాలి. నాబ్ పూర్తిగా లాగాలి. థ్రాటిల్ తగ్గించక ముందే లాగాలి, ఎందుకంటే తగ్గించాక ఎగ్జాస్ట్ చల్లారుతుంది, మంచు కరిగించే వేడే మిగలదు.

మంచు పట్టి ఇంజిన్ ఆగిన విమానం ఎలాగో నేలమీదికి దిగిందనుకోండి. మెకానిక్ వచ్చి విప్పేసరికి కార్బ్యురేటర్ శుభ్రంగా, పొడిగా ఉంటుంది. ఇంజిన్‌లో మిగిలిన వేడికి మంచు కరిగి ఆరిపోయి ఉంటుంది. ఏ లోపమూ దొరకనప్పుడే "ఆ విమానం అచ్చిరాలేదు" లాంటి మాటలు పుడతాయి. అందుకే దర్యాప్తు చేసేవాళ్లు ఇంజిన్‌తో పాటు, ఆ పూట గాలిలో వేడి ఎంత, తేమ ఎంత అన్నదీ చూస్తారు.